చెమటలో లవణ నష్టం

వ్యాయామం, ఎండ, కొలిమి వేడి వల్ల పట్టే చెమటతో శరీరంలోని ఖనిజ లవణాలు బయటికి పోవడం. పోయేవాటిలో సోడియం, క్లోరైడ్‌లే ఎక్కువ. లీటరు చెమటలో సోడియం సుమారు అర గ్రాము నుంచి 2 గ్రాముల దాకా ఉంటుంది. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం స్వల్పం. పొటాషియం కోసం అరటిపండు తింటే లోటు తీరుతుందన్న నమ్మకానికి అందుకే బలం తక్కువ.

స్వేదగ్రంథిలో ఊరే ద్రవం మొదట దాదాపు రక్తరసమంత ఉప్పగా ఉంటుంది. అది నాళంలో పైకి వస్తుండగా సోడియంలో చాలాభాగం తిరిగి ఒంట్లోకి ఇంకిపోతుంది. చెమట ధారకడితే అందుకు వ్యవధి చాలదు, నష్టం పెరుగుతుంది. ఒకటి రెండు వారాలు వేడికి అలవాటుపడితే ఆల్డోస్టిరాన్ హార్మోను ప్రభావంతో చెమటలో ఉప్పు తగ్గుతుంది.

బ్రిటన్ బొగ్గుగని కార్మికులకు కండరాలు పట్టేయడాన్ని, చెమటోడ్చి ఉత్త నీళ్లు తాగడంతో ముడిపెట్టి 1923లో కె. నెవిల్ మాస్ వివరించాడు. గంటల తరబడి అతిగా నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ కూడా రావచ్చు. మామూలు నడకకు, అరగంట ఆటకు మాత్రం రోజువారీ భోజనంలోని ఉప్పే చాలు.