ఆదవాని సీమలో మద్యవిక్రయము

ఆదవాని యనబడిన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున మద్యవిక్రయచరిత్రను వ్రాయబూనిన వానికి మొదట ఎదురగునది నీతిశాస్త్రము గాదు, వేలంపాట. 1886 నాటి మదరాసు అబ్కారి చట్టము కల్లు, సారాయిల తయారీని విక్రయమును సర్కారు చేతిక్రిందికి తెచ్చి, పాటలో అంగడిని దక్కించుకొన్న గుత్తదారునకు దానిని అప్పగించెను. అంగడి ఎచ్చట నుండవలెను, సుంకమెంత, గుత్త ఎంత అను విషయములపై అధికారులకు గల శ్రద్ధ, కొనవచ్చిన వాని వయస్సుపై కానరాదు.

అదే 1886లో ఇంగ్లండు పార్లమెంటు పదుమూడేండ్లలోపు పిల్లలకు పానశాలలో త్రాగుటకు మద్యము అమ్మరాదని శాసించెను. తండ్రి పంపగా కూజా చేతబట్టి వచ్చు బాలుడు త్రోవలో గుక్కెడు రుచి చూచునన్న భయముచే, 1901లో మఱియొక చట్టము, పదునాలుగేండ్లలోపు వానికి బిరడా బిగించి ముద్రవేసిన పాత్రలోనే ఇయ్యవలెనని కట్టడి చేసెను. మనవైపు ఈతకల్లు ముంతకు మూతయే అరుదు. ముద్ర మాట యెక్కడిది? సంతనాడు కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, ఉప్పు, బెల్లము, గుడ్డ కొనిన పిదప కల్లంగడివైపు మరలిన తండ్రి, సంచిని వాని చేతికిచ్చి చెట్టునీడను కూర్చుండబెట్టుటయే ఆనాటి వయోనియమము. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరున స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘము కూలిని నేతగాని చేతిలో బెట్టెనే గాని, ఆ కూలి ఏ కల్లంగడి మీదుగా ఇల్లు చేరునో సంఘపు పద్దులలో నుండదు.

1937 అక్టోబరు 1న సేలములో రాజాజీ ఆరంభించిన మద్యనిషేధము 1948 అక్టోబరు 2 నాటికి మదరాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా, బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలులో చేరినవి. మరుసటి యేటి నవంబరులో టంగుటూరి ప్రకాశము మంత్రివర్గము మద్యనిషేధపు చర్చలో ఒక్క వోటుతో కూలిపోయెను.

ఆ నిషేధము తొలగిన తరువాత వచ్చిన వాటిలో చెప్పదగినది సారా ప్యాకెట్టు. 1980లలో ‘వారుణి వాహిని’ పేర ప్రభుత్వమే సారాయిని ప్లాస్టిక్ సంచులలో మూసి అమ్మించెను. ఇంగ్లండులో ముద్ర బాలుని కొఱకు. ఇచ్చట కల్తీని అరికట్టి ఆదాయమును కాపాడుట కొఱకు. పంటితో మూల కొరికి త్రాగదగిన ఆ పొట్లము నిక్కరు జేబులోనైనను పట్టును. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా వ్యతిరేకోద్యమమున లేచినది దీనిపైననే. కర్నూలు జిల్లావాడైన కోట్ల విజయభాస్కరరెడ్డి 1993 అక్టోబరు 1న సారాయిని నిషేధించెను (ఆ తేదీపై మన ప్రభుత్వములకు గల మమకారము విచిత్రము). 1995లో ఎన్.టి. రామారావు తెచ్చిన సంపూర్ణనిషేధము 1997లో సడలిపోయెను.

ఇక వయస్సు మాటకు మరలినచో, అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతులు సూపర్‌మార్కెట్టులో పెరుగుడబ్బా ప్రక్కన బీరు పెట్టినపుడు, వెంటనున్న కుమారుని గుర్తింపుపత్రమును సైతము గుమాస్తా అడుగుట కలదు. అచ్చట ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. మనకును హద్దు ఇరువదియొకటే. కాని కిరాణాకొట్టున మద్యము దొరకనందున, ఇనుపజాలీ వెనుకనున్న బ్రాందీషాపు గుమాస్తాకు కుటుంబమన్నది కంటబడదు. 2019లో ఆ అంగళ్ళను సర్కారు తానే నడిపెను, 2024లో తిరిగి ప్రైవేటువారి కిచ్చెను. నడుమ ధరలు పెరిగిన కాలమున కర్ణాటక మద్యపు టెట్రాప్యాకులు సరిహద్దు దాటి ఆదోని, కోసిగి వైపు దొంగచాటుగా ప్రవహించినవి. షాపులో వయస్సడుగు గుమాస్తా కనబడుట అరుదు. పల్లెలోని అనుమతిలేని బెల్టుషాపున నైతే అడుగవలసిన బాధ్యతయే ఎవరికిని లేదు.