టర్బోకి దాహమేసిన రోజులు

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కొన్నవాళ్లు పెట్రోలుతో పాటు ఇంకోటి కూడా పోయించుకోవాల్సి వచ్చేది. దాని పేరు టర్బో రాకెట్ ఫ్లూయిడ్. పేరు వింటే అంతరిక్ష నౌకలో పోసేదేమో అనిపిస్తుంది. నిజానికి అందులో ఉన్నది చాలావరకు నీళ్లూ, మిథనాలూ.

ఎందుకిదంతా? టర్బో అంటే, ఇంజన్ వదిలే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకే అవతలి కొసన ఉన్న ఇంకో చక్రంతో గాలిని లోపలికి కుక్కే యంత్రం. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఓడల్లో, విమానాల్లో అది బాగానే కుదిరింది. ఓడలో చోటుకి కొదవలేదు, ఆకాశంలో చల్లగాలికి కొదవలేదు. కారు బానెట్ కింద రెండూ కరువే. పొగవైపు చక్రం దగ్గర వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. అవతలివైపు, సైకిల్ పంపు కొడుతుంటే అడుగు కాలినట్టే, కుక్కిన గాలీ కాలిపోతుంది. ఆ వేడికి పెట్రోలు సమయం రాకముందే భగ్గుమని పిస్టన్లని బాదుతుంది.

జెట్‌ఫైర్‌లో ఆ ద్రవాన్ని లోపలికెళ్లే గాలిలోకి చిమ్మేవారు. అది ఆవిరవుతూ వేడిని లాగేసుకునేది. 3.5 లీటర్ల వీ8 నుంచి 215 హార్స్‌పవర్. అప్పటికి అద్భుతమే. కానీ డబ్బా ఖాళీ అయితే ఒక వాల్వు టర్బో ఒత్తిడిని తగ్గించేసేది, కారు నీరసించేది. జనం నింపడం మర్చిపోయారు, కొందరు పట్టించుకోలేదు, తర్వాత కారుని తిట్టుకున్నారు. రెండేళ్లలో పదివేలు కూడా అమ్ముడుపోలేదు. చివరికి కంపెనీయే చాలా కార్ల టర్బోలు ఊడదీసి మామూలు కార్బురేటర్లు బిగించింది. ఇంజన్ని చల్లగా ఉంచే పనిలో సగం యజమాని జ్ఞాపకశక్తికి అప్పజెప్పడం, నా దృష్టిలో, ఆ డిజైన్ చేసిన అసలు తప్పు.

ఆ తర్వాత వచ్చిన కార్లలో ఆ బరువు కారు ఆకారం మీద పడింది. పోర్షా 911 టర్బోకి 1978లో ఇంటర్‌కూలర్ పెట్టాల్సొచ్చింది. వెనకున్న ఇంజన్ దగ్గర చోటు లేక రెక్క కింద దూర్చారు, రెక్క టీ ట్రేలా లావెక్కింది. 1987 నాటి ఫెరారీ ఎఫ్40 వెనక అద్దం ప్లాస్టిక్‌ది, దానికి అడ్డంగా గాట్లు. వేడి పోవడానికి కోసిన ఆ గాట్లే గోడ మీద పోస్టర్లలో అందమైపోయాయి! సుబారు ఇంప్రెజా బానెట్ మీది ముక్కుదీ అదే కథ. కింద ఇంజన్ మీదే కూర్చున్న ఇంటర్‌కూలర్‌కి గాలి పట్టడానికి అది. ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం కిందనుంచి లేచే సెగకి ఆ ఇంటర్‌కూలరే వేడెక్కి కూర్చుంటుంది.

ఇంకో చిక్కు, ఇంజన్ ఆపేశాక మొదలయ్యేది. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే ఇరుసుకి ఆయిలే ఆధారం. ఆపగానే ఆయిల్ పంపు ఆగుతుంది. మిగిలిన ఆయిల్ ఆ సెగకి మాడి బొగ్గులా అంటుకుంటుంది. అందుకే ఒకప్పుడు, ఆపేముందు ఒకట్రెండు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి అనేవారు. మళ్లీ యజమాని జ్ఞాపకశక్తే! 1980లలో బేరింగుల చుట్టూ నీళ్లు పారించడం మామూలైంది. పోర్షా 944 టర్బోలో అయితే, తాళం తీసేశాక కూడా ఒక చిన్న కరెంటు పంపు ఆ నీళ్లని తిప్పుతూ ఉండేది.

ఇప్పుడు మన చిన్న టర్బో పెట్రోలు కార్లు కొన్నిటిలోనూ అంతే. మే నెలలో సెల్లార్లో బండి ఆపి, తాళం వేసి, లిఫ్ట్ ఎక్కేశాక కూడా బానెట్ కింద ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.