లీనా హార్న్: గానము, గౌరవము

ఒక జాతివారి పాటను మెచ్చుకొనుచు, పాడినవారిని మాత్రము పంక్తికి వెలిగా నుంచుట లోకమున క్రొత్త గాదు. మన దేశచరిత్రయందును దీనికి నిదర్శనములు పెక్కులు గలవు. కావున అమెరికాదేశపు జాజ్ గాయనియు, చలనచిత్రనటియు నగు లీనా హార్న్ చరిత్రము మన చదువరులకు దూరపుసంగతిగా దోపదని మేము తలంచుచున్నాము.

ఈమె 1917 జూన్ 30వ తేదీన న్యూయార్కునగరమందలి బ్రూక్లినులో నొక నల్లజాతి కుటుంబమున జన్మించెను. తల్లి నటి. పితామహి సంఘసేవాపరురాలు, నల్లవారి హక్కులకై పాటుపడు జాతీయసంఘమున మనుమరాలిని రెండేండ్ల ప్రాయముననే సభ్యురాలిగా జేర్చెను. 1933లో, పదునాఱేండ్ల వయసున, లీనా హార్లెములోని కాటన్ క్లబ్బున నర్తకిగా ప్రవేశించెను. అచట ఆటపాటలు నల్లవారివి, ఆసనములు తెల్లవారివి. పిమ్మట నోబుల్ సిసిల్, చార్లీ బార్నెట్ గార్ల వాద్యబృందములతో పాడి పేరుగాంచెను.

1942లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ యామెతో నొడంబడిక చేసికొనెను. ఆ కాలమున నల్లవనితకు తెరమీద సాధారణముగా దాసివేషమే లభించుచుండెను. అట్టి వేషము ధరింపనని యామె నిశ్చయించుకొనెను. ఆ వేషములతోనే పొట్టపోసికొను నల్లనటులు కొందఱు తమ జీవనమునకు భంగమని యామెపై కోపించిరి. సంస్కారమార్గమున మొదటి యెదురుదెబ్బ పలుమాఱు స్వజనమునుండియే వచ్చును; వారి యాకలియు నసత్యము గాదు.

1943లో వెలువడిన 'క్యాబిన్ ఇన్ ది స్కై', 'స్టార్మీ వెదర్' చిత్రములలో నామెకు తగిన పాత్రలు లభించెను. తక్కిన పెక్కుచిత్రములలో కథతో సంబంధములేక వచ్చి, పాడి, పోవును. దక్షిణరాష్ట్రములలో నాభాగమును కత్తిరించినను కథ చెడకుండుటకే యీ యేర్పాటు. వారికి గొంతు వలయును, మనిషి వలదు.

యుద్ధకాలమున నొక సైనికశిబిరమున జర్మను ఖైదీలు ముందును, నల్లసైనికులు వారి వెనుకను గూర్చుండుట చూచి, యామె వేదిక దిగి వెనుకకు నడచి తనవారి యెదుట నిలిచి పాడెను. శత్రువునకు గల మర్యాద స్వదేశరక్షకునకు లేదాయెను!

1947లో లెన్నీ హేటన్ అను తెల్లజాతి సంగీతవేత్తను పారిసులో వివాహమాడెను. కాలిఫోర్నియా శాసనము నాడట్టి వివాహమును నిషేధించుచుండెను. 1950 ప్రాంతమున రాజకీయానుమానముచే చలనచిత్రములు తలుపులు మూయగా, నామె సంగీతసభలను, నాటకరంగమును ఆశ్రయించెను. 1957లో 'జమైకా' నాటకమున ప్రధానపాత్ర వహించెను. 1963లో పౌరహక్కులకై జరిగిన వాషింగ్టన్ యాత్రలో పాల్గొనెను. 1981లో, అఱువదిమూడేండ్ల వయసున మొదలిడి, తన జీవితమునే పాటలతో జెప్పుచు న్యూయార్కు రంగస్థలమున మున్నూటికి పైగా ప్రదర్శనము లొసంగెను. 2010 మే 9వ తేదీన దివంగతురాలయ్యెను.

కళకు చప్పట్లు చఱచుట సులభము; కళావంతునకు ప్రక్కన పీట వేయుటయే కష్టము. ఈ రెండవపని జరుగనిదే మొదటిది సంస్కార మనిపించుకొనదు.