వేలంపాటలో నడవడి: విజ్జీ నాటి నుంచి సన్‌రైజర్స్ దాకా

మైదానం వెలుపలి నడవడిపై ఆరోపణలు ఎదుర్కొంటున్న పేరుమోసిన ఆటగాణ్ణి జట్టులోకి తీసుకోవచ్చునా అన్న వివాదం ప్రపంచంలో ఎక్కువగా ఫుట్‌బాల్ క్లబ్బుల చుట్టూ సాగుతున్నప్పటికీ, తెలుగు ప్రాంతంలో డబ్బూ అభిమానమూ క్రికెట్ వైపే మొగ్గి ఉన్నందువల్ల ఆ వివాద చరిత్రను ఇక్కడ క్రికెట్‌లో వెతకవలసి ఉంటుంది. అది ఐపీఎల్‌తో మొదలైందనుకోవడానికి వీల్లేదు. దాని తొలి ఘట్టాల్లో ఒకటి విజయనగరం రాజకుటుంబంతో ముడిపడి ఉంది.

'విజ్జీ'గా పేరుపొందిన విజయనగరం మహారాజకుమార్ 1930-31లో సొంత జట్టు కట్టి, జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండ్ దిగ్గజాలను అందులో ఆడించేందుకు భారతదేశానికి రప్పించిన సంపన్నుడు. ఆటలో తనకున్న నైపుణ్యం కంటే ఆ పలుకుబడి బలంతోనే 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. ఆ పర్యటనలో అప్పటికే మూడు శతకాలు చేసి ఉన్న లాలా అమర్‌నాథ్, మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్ జరుగుతున్నప్పుడు తన బ్యాటింగ్ వంతును పదే పదే వెనక్కి జరపడంపై డ్రెస్సింగ్ రూమ్‌లో ఆగ్రహం వెళ్ళగక్కగా, దాన్ని క్రమశిక్షణ రాహిత్యంగా పరిగణించి, తొలి టెస్టు మొదలు కాకముందే అతణ్ణి ఓడ ఎక్కించి స్వదేశానికి పంపివేశారు. అదే జట్టులో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు కూడా ఉన్నాడు. అతణ్ణి ఉదయపు ఫలహారపు బల్ల దగ్గర అందరి ఎదుటా అవమానించినందుకు బహుమానంగానే సహచర ఆటగాడు బఖా జిలానీకి ఓవల్ టెస్టులో స్థానం దక్కిందన్న కథనం క్రికెట్ చరిత్రకారుల రచనల్లో నేటికీ వినవస్తుంది. ఆ కథనమే నిజమైతే, ఒకే పర్యటనలో ఒకరి కోపం నేరమైంది, మరొకరి దురుసుతనం అర్హతైంది.

అయితే ఆ వ్యవహారం అంతటితో ముగియలేదు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1937 ఆరంభంలో అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, నాయకుడిగా విజ్జీ తీరును తప్పుపట్టింది. యుద్ధం కారణంగా అమర్‌నాథ్ మళ్ళీ టెస్టు ఆడడానికి 1946 దాకా ఆగవలసి వచ్చింది. 1949లో భారత క్రికెట్ బోర్డు మరోసారి సస్పెండ్ చేసిన ఆ ఆటగాడే 1952లో పాకిస్థాన్‌పై భారత్‌కు నాయకత్వం వహించాడు. రాజాస్థానాల అహంకారం రాజ్యమేలిన ఆ కాలాన్ని మెచ్చుకోవలసిన పని లేదు గాని, ఆరోపణ చేసినవారి మాటనూ ఎదుర్కొన్నవారి మాటనూ విని, కారణాలు చూపి తీర్పు చెప్పిన ఒక సంఘం అప్పుడు ఉన్నదన్న సంగతి మాత్రం మరువరానిది. తరువాతి కాలంలో కొరవడింది అదే.

2008లో ఐపీఎల్ రాకతో 'ఫ్రాంచైజీ', అంటే బోర్డుకు రుసుము చెల్లించి ఒక నగరం పేరిట జట్టును నడుపుకొనే హక్కు పొందిన వ్యాపార సంస్థ, ఆటగాణ్ణి వేలంపాటలో కొనుక్కోవడం మొదలైంది. హైదరాబాద్ జట్టైన డెక్కన్ ఛార్జర్స్ ఆ తొలి వేలంలోనే 13.5 లక్షల డాలర్లకు ఆండ్రూ సైమండ్స్‌ను, అతనితోపాటు హర్షెల్ గిబ్స్‌ను దక్కించుకుంది. 2000లో నాగపూర్ వన్డేలో 20 పరుగుల లోపే అవుటయ్యేందుకు 15,000 డాలర్లకు ఒప్పుకొన్నానని గిబ్స్ స్వయంగా అంగీకరించి ఆరు నెలల నిషేధం అనుభవించాడు (ఆ మ్యాచ్‌లో చివరకు 74 పరుగులు చేశాడు), ఢిల్లీ పోలీసుల ప్రశ్నలకు 2006లో గాని జవాబివ్వలేదు. సైమండ్స్‌ను 2008లోనూ, మద్యం నియమాలు ఉల్లంఘించినందుకు 2009 జూన్‌లోనూ ఆస్ట్రేలియా జట్టు ఇంటికి పంపింది; స్వదేశం కాంట్రాక్టు రద్దు చేసిన తరువాత కూడా 2010లో అతడు హైదరాబాద్ తరఫున ఆడుతూనే ఉన్నాడు. శిక్ష పూర్తిచేసిన గిబ్స్‌కు తిరిగి ఆడే హక్కు ఉందనడంలో సందేహం లేదు, కానీ అలా తీసుకోవడానికి గల ఆలోచన ఏమిటో అభిమానులకు చెప్పవలసిన బాధ్యత ఎవరిపైనా లేకపోవడమే కొత్త పరిణామం.

ఆంధ్రప్రదేశ్‌కు ఐపీఎల్‌లో సొంత జట్టు లేనందున, కృష్ణ కుడిగట్టున నాగార్జునసాగర్ ఆనకట్టను ఆనుకొని పెరిగిన విజయపురి సౌత్ వంటి పల్నాటి ఊళ్ళకు సైతం హైదరాబాద్ జట్టే దగ్గరి జట్టు. రాష్ట్ర సరిహద్దు నది మధ్యగా సాగినా అభిమానానికి అది అడ్డురాలేదు. ఆ అభిమానంలో అత్యధిక వాటా డేవిడ్ వార్నర్‌ది. 2013 జూన్‌లో బర్మింగ్‌హామ్ మద్యశాలలో ఇంగ్లండ్ ఆటగాడు జో రూట్‌పై చేయిచేసుకున్నందుకు జరిమానా, సస్పెన్షన్ పొందిన వార్నర్‌ను, డెక్కన్ ఛార్జర్స్ తరువాత హైదరాబాద్ జట్టైన సన్‌రైజర్స్ 2014లో 5.5 కోట్ల రూపాయలకు కొని, మరుసటి ఏడాది నాయకుణ్ణి చేసింది. 2016లో అతడు 848 పరుగులు సాధించి జట్టుకు తొలి టైటిల్ అందించాడు. ఆ విజయంతో పాత సంగతి జనం మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. వార్నర్ విషయంలో ఆస్ట్రేలియా బోర్డు దర్యాప్తు, శిక్ష, అంగీకారం అన్నీ ముందే జరిగాయి గనుక ఆ మరపులో అన్యాయం తక్కువ.

పల్నాడు 2022 ఏప్రిల్ దాకా భాగంగా ఉన్న గుంటూరు జిల్లాకే కేంద్రమైన గుంటూరులో పుట్టిన అంబటి రాయుడి ఉదంతం మరో కోణం చూపుతుంది. 2017 ఆగస్టు చివర హైదరాబాద్‌లో ఒక వృద్ధుడితో అతడు ఘర్షణ పడుతున్న దృశ్యాలు దేశమంతటా వ్యాపించాయి; 2018 జనవరిలో మైదానంలోని మరో వివాదంపై బోర్డు రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ విధించింది; అదే నెలలో చెన్నై సూపర్ కింగ్స్ అతణ్ణి 2.2 కోట్లకు కొనుగోలు చేసింది. బెట్టింగ్ వ్యవహారంలో రెండేళ్ళ నిషేధం ముగించుకొని ఆ ఏడే తిరిగి వచ్చిన చెన్నై, రాయుడి 602 పరుగుల తోడ్పాటుతో కప్పు గెలిచింది. ఆ వీధి ఘర్షణలో తప్పెవరిదన్న ప్రశ్న పరుగుల వెల్లువలో కొట్టుకుపోయింది. నిజానిజాలు తేలకపోవడం ఇరువురికీ నష్టమే, ఎందుకంటే ఆటగాడిపై మచ్చ పోదు, ఎదుటివాడికి న్యాయమూ అందదు.

ఫుట్‌బాల్‌లో ఇంతకంటే తీవ్రమైన ఉదాహరణ బ్రెజిల్‌ది. సామూహిక అత్యాచారం కేసులో 2017లోనే మిలాన్ న్యాయస్థానం దోషిగా ప్రకటించిన రొబినో, అప్పీలు పెండింగ్‌లో ఉండగా, 2020 అక్టోబరులో సాంటోస్ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ప్రచార సొమ్ము ఇచ్చే సంస్థ తప్పుకోవడం, మిగిలినవి బెదిరించడం జరిగాకనే, కొద్ది రోజుల్లో ఆ ఒప్పందాన్ని నిలిపివేశారు. ఇటలీ అత్యున్నత న్యాయస్థానం 2022లో తొమ్మిదేళ్ళ శిక్షను ఖాయం చేసింది. బాధితురాలి మాట చేయలేని పని ప్రకటనల సొమ్ము చేసిందన్నది ఆ ఉదంతంలో బాధాకరమైన వాస్తవం.

భారత క్రికెట్‌లో అటువంటి ఒత్తిడి కూడా అరుదే. 2018 మార్చిలో మహమ్మద్ షమీపై భార్య గృహహింస ఆరోపణలతోపాటు డబ్బుకు సంబంధించిన ఆరోపణ కూడా చేయగా, కోల్‌కతా పోలీసులు కేసు నమోదు చేశారు. షమీ వాటిని ఖండించాడు. బోర్డు మొదట కాంట్రాక్టును ఆపి, అవినీతి నిరోధక విభాగం విచారణలో డబ్బుకు సంబంధించిన ఆరోపణకు ఆధారం లేదని తేలగానే ఆ నెలలోనే 'బి' శ్రేణి కాంట్రాక్టు ఇచ్చింది. ఆ విచారణ పరిధి ఆట అవినీతికే పరిమితమైనందున, ఇంటి లోపలి హింస ఆరోపణ దాని ముందుకు రానేలేదు. అది న్యాయస్థానాలకు మిగిలింది. 2024 నవంబరులో సన్‌రైజర్స్ షమీని 10 కోట్లకు కొన్నప్పటికి ఆ వ్యాజ్యం నడుస్తూనే ఉంది. 2025 జూలైలో కలకత్తా హైకోర్టు భార్యకూ కుమార్తెకూ కలిపి నెలకు 4 లక్షల భరణం చెల్లించాలని ఆదేశించింది. భరణం నేరనిర్ధారణ కాదు, ఆరోపణలపై తీర్పూ కాదు. అదే ఏడు నవంబరులో హైదరాబాద్ అతణ్ణి లక్నో జట్టుకు బదిలీ చేసింది, కొన్న ధర పది కోట్లకే.