రికార్డు రూములో మా తాతగారి ఉత్తరం



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని మన సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల చరిత్ర రాసే పాండిత్యం నాకు లేదు. 1968లో కాపీయిస్టుగా సివిల్ కోర్టులో చేరి, 2003లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ముప్ఫై అయిదేళ్ళూ పాత కట్టల మధ్యే గడిచాయి. కాబట్టి నాకు తెలిసిన చరిత్ర కోర్టు కాగితాలదే. వాటిలో ఒక కాగితం మా ఇంటిది. దాని సంగతి కూడా దాచకుండా చెబుతాను.

మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టులు 1802 రెగ్యులేషన్లతో ఏర్పడ్డాయి. మన్రో దొర సంస్కరణల ఫలితంగా 1816లో గ్రామ మునసబులు, జిల్లా మునసబులు వచ్చారు. 1859లో మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. 1862లో మద్రాసు హైకోర్టు, 1873లో మద్రాసు సివిల్ కోర్టుల చట్టం వచ్చాయి. ఈనాటికీ నడుస్తున్న 1908 నాటి కోడ్ 1909 జనవరి 1 నుంచి అమలయింది. మా చిన్నప్పటి 'మునసబు కోర్టు'ను ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అనీ, 'సబ్ కోర్టు'ను సీనియర్ సివిల్ జడ్జి కోర్టు అనీ అంటున్నాం. పేర్లు మారినా రికార్డు పెట్టే పద్ధతి పెద్దగా మారలేదు.

ఆ పద్ధతికి తల్లివేరు దావా రిజిస్టరు. కోడులో నాలుగవ ఆర్డరు, రెండవ రూలు ప్రకారం ప్రతి దావా వివరాలూ ఒక పుస్తకంలో ఎక్కించాలి. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం, ప్లెయింట్లు స్వీకరించిన వరుసలో నెంబర్లు వేయాలి. అందుకే దావాకు నెంబరు, సంవత్సరం రెండూ కలిపితేనే పేరు. "మాది ఓ.ఎస్. 112 అండీ" అని చాలామంది వచ్చేవారు. ఏటా ఒక 112 ఉంటుంది, ప్రతి కోర్టులోనూ ఒక 112 ఉంటుంది. ఏ కోర్టు, ఏ సంవత్సరం అని అడిగితే ముఖం వేలాడేసుకునేవారు.

కోర్టు ఏదో తేల్చుకోవడం కూడా అంత తేలిక కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడకముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు మళ్ళీ విడిపోయాయి. ఈనాడు మన ఊరు ఏ జిల్లాలో ఉందన్నది కాదు ప్రశ్న, దావా వేసిననాడు ఏ కోర్టు పరిధిలో ఉందన్నదే ప్రశ్న. పై కోర్టుల సంగతీ అంతే. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలయ్యేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్ళు మద్రాసు హైకోర్టులోనే తేలాయి. నిజాం పాలనలోని ప్రాంతాల పాత కోర్టు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. వాటిని చదవగలవారిని వెంట పెట్టుకోవాలి.

ఇక కట్టలో ఏముంటుందో చూద్దాం. ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు, సాక్షుల వాఙ్మూలాలు, తీర్పు, డిక్రీ ఉంటాయి. వాది పెట్టిన దస్తావేజులకు ఎ-1, ఎ-2 అనీ, ప్రతివాది పెట్టినవాటికి బి-1, బి-2 అనీ గుర్తులు ఉంటాయి. వీటిలో తీర్పు కారణాలు చెబుతుంది, డిక్రీ ఫలితం చెబుతుంది. భూమి, ఇంటి దావా అయితే డిక్రీలో సర్వే నెంబరో, హద్దులో ఉండి తీరాలి. అందుకే నకలు అడిగేవారు తీర్పుతో పాటు డిక్రీ కూడా అడగాలి. భాగపంపిణీ దావాలో ప్రిలిమినరీ డిక్రీ వాటా ఎంతో మాత్రమే చెబుతుంది. ఎవరి ముక్క ఏదో చెప్పేది ఫైనల్ డిక్రీ. మొదటిది చేతికి రాగానే అంతా అయిపోయిందనుకుని ఇంటికి వెళ్ళిన కుటుంబాలను నేను ఎన్నో చూశాను.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. మనం దాఖలు చేసిన అసలు దస్తావేజులు కోర్టు శాశ్వతంగా దాచిపెట్టదు. దావా ముగిసి, అప్పీలు గడువు దాటినా, అప్పీలు ఉంటే అది తేలినా, దాఖలు చేసినవారు వాటిని వాపసు అడిగి తీసుకోవచ్చు. తీసుకోకపోతే? 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం కింద హైకోర్టులు నియమాలు చేశాయి. ఏ కాగితం ఎన్నాళ్ళు ఉంచాలో వాటిలో ఉంటుంది. సమన్లు, వకాల్తాలు వంటివి ముందు పోతాయి. తీర్పు, డిక్రీ ఎక్కువ కాలం ఉంటాయి. ఆ రెంటికీ మధ్య పోయేవాటిలో మన దస్తావేజులు కూడా ఉండవచ్చు.

ఈ నియమం నాకు కంఠతా వచ్చు. అయినా నా ఇంటికి ఉపయోగపడలేదు.

మా నాన్నగారు పక్కింటివారితో సందు హద్దు విషయమై ఒక మునసబు కోర్టులో దావా వేశారు. 1961లో డిక్రీ మాకే వచ్చింది. ఎ-1 మా ఇంటి 1934 నాటి క్రయ దస్తావేజు. ఎ-3 మా తాతగారు 1938లో రాసిన ఉత్తరం. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మా మేనత్తకు తూర్పు గది, బావి వాడకం ఆమె బ్రతికినన్నాళ్ళూ ఉండాలని పెద్దమనుషుల ముందు అనుకున్న మాటను అందులో రాశారు. అందులో ఆ సందు ప్రస్తావన ఉన్నందున నాన్నగారు దానినీ దాఖలు చేశారు. గెలిచిన సంతోషంలో కాగితాలు వాపసు తీసుకోవడం మరిచిపోయారు. 1979లో ఆయన పోయారు. నేను ఊరి వారందరికీ నకళ్ళు ఇప్పిస్తూనే ఉన్నాను. మా కట్ట సంగతి ఒక్కనాడైనా తలచుకోలేదు.

1994లో మా చిన్నాన్న కొడుకులు ఇల్లు పడగొట్టి పంచుకుందామన్నారు. అత్తయ్య గది సంగతి తేల్చాల్సి వచ్చింది. నేను సెలవు పెట్టి ఆ కోర్టుకు వెళ్ళాను. రిజిస్టరులో మా దావా వరుస ఉంది. తీర్పు, డిక్రీ ఉన్నాయి. తక్కిన కట్ట అప్పటికే నియమాల ప్రకారం ధ్వంసమైంది. తీర్పు చివర ఎగ్జిబిట్ల జాబితాలో 'ఎ-3, ఉత్తరం, 1938' అని ఒక్క వరుస మిగిలింది.

ఎ-1 వల్ల బాధ లేకపోయింది. అది రిజిస్టరయిన దస్తావేజు గనుక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటవ పుస్తకం నుంచి నకలు వచ్చింది. ఉత్తరానికి ఆ దారి లేదు. ముప్ఫై ఏళ్ళు దాటిన అసలు కాగితం సరైన చోటి నుంచి వస్తే, సంతకం నిరూపించడానికి సాక్షి లేకపోయినా కోర్టు దానిని నమ్మవచ్చునని సాక్ష్య చట్టం చెప్పేది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. ఆ ఉత్తరం ఉంటే గెలిచేవాళ్ళమని చెప్పను. ఎదుటివారి ముందు పెట్టడానికి ఒక కాగితం ఉండేది. చివరకు అత్తయ్య నా దగ్గరకు వచ్చేసింది. పోయేదాకా మా ఇంట్లోనే ఉంది. ఒకనాడు అడిగింది: "ఏరా అబ్బాయ్, ఊళ్ళోవాళ్ళందరి కాగితాలూ వెతికిచ్చావు కదా, మా నాన్న రాసింది నీకు దొరకలేదా?" నేను జవాబు చెప్పలేకపోయాను.

అందుకని ఉన్నవాటిని సకాలంలో అడిగే విధానం రాస్తున్నాను. కోర్టు పేరు, దావా నెంబరు, సంవత్సరం, వాది ప్రతివాదుల పేర్లు, ఏ కాగితం కావాలో రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీ అప్లికేషను పెట్టాలి. పార్టీల వారసులైతే ఆ సంబంధం చూపే రుజువు జతపరచాలి. దావాతో సంబంధం లేనివారైతే కారణం చెబుతూ అఫిడవిట్‌తో పిటిషను వేయవలసి ఉంటుంది. నెంబరు తెలియకపోతే ఇంట్లోని పాత ప్లీడరు నోటీసులు, తరువాతి క్రయ దస్తావేజుల్లో 'ఫలానా డిక్రీ మేరకు' అన్న వాక్యాలు చూడండి. అప్పీలు తీర్పు దొరికితే అందులో కింది కోర్టు దావా నెంబరు ఉంటుంది. నకలు వచ్చాక దాని మీద వేసిన తేదీల ముద్రను పారేయకండి. అప్పీలు గడువు లెక్కలో నకలుకు పట్టిన కాలం మినహాయిస్తారు. ఈనాటి కేసులకు పదహారు అక్షరాల, అంకెల సి.ఎన్.ఆర్. నెంబరు ఉంటుంది, మనవలు ఫోనులోనే చూసి చెబుతారు. మన తరం దావాలు చాలావరకు అందులో కనబడవు. వాటికి పాత రిజిస్టరే గతి.

ఆడపిల్లల వాటాల విషయంలోనూ పాత డిక్రీ అవసరం పడుతోంది. 2005 సవరణ చట్టం 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కదపలేదు. ఆ పంపకం రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగి ఉండాలన్నది. కాబట్టి కూతురికైనా, కొడుక్కైనా ఆ డిక్రీ తేదీయే కీలకం.

మిత్రులారా, పెన్షను పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మీ ఇంట్లో జరిగిన ప్రతి దావాకూ ఒక పేజీ కేటాయించి కోర్టు, నెంబరు, సంవత్సరం, దాఖలు చేసిన అసలు కాగితాలు, అవి వాపసు వచ్చాయా లేదా అన్నది రాయండి. రాని కాగితం ఒక్కటి ఉన్నా ఈ నెలలోనే అప్లికేషను పెట్టించండి. నేను ఆ పేజీ రాసుకున్నది 1994 తరువాత.