రౌడీరాణి మీద కాపీ కేసు

‘రౌడీరాణి’ పేరెత్తితే మనలో చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నేలక్లాసు సినిమా అంటారు, హాలీవుడ్ కాపీ అంటారు. మొదటిది అభిరుచి, ఎవరిష్టం వారిది. రెండోది చరిత్రకు సంబంధించిన ఆరోపణ కాబట్టి ఆధారం అడగాలి. నలభై ఏళ్ళు రక్షణశాఖ లెక్కలు చూసిన నాకు ఓచర్ లేని పద్దును పాస్ చేసే అలవాటు లేదు.

ఇక్కడ సూరత్‌లో తెలుగు మిత్రుడొకరు ఈ ఆరోపణే చేశారు. అమెరికాలో నల్లజాతి ప్రేక్షకుల కోసం చవకగా తీసిన క్రైం సినిమాలు వచ్చేవి కదా, పామ్ గ్రియర్ తుపాకి పట్టుకున్న ‘కాఫీ’ లాంటివి, వాటిని చూసి తీశారన్నారు. సరే, తేదీలు చూద్దాం. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో విజయలలిత నటించిన ‘రౌడీరాణి’ 1970లో వచ్చింది. ‘షాఫ్ట్’ 1971, ‘కాఫీ’ 1973, ‘ఫాక్సీ బ్రౌన్’ 1974. మూడేళ్ళ తర్వాత రాబోయే సినిమాను కాపీ కొట్టడం ఏ జ్యోతిష్కుడికీ సాధ్యం కాదు.

అలాగని అమెరికావాళ్ళే మనల్ని చూసి తీశారని ఛాతీ విరుచుకోనక్కర్లేదు. ముందు వచ్చినంత మాత్రాన మూలం అయిపోదు. పురాణాల్లో విమానం ఉంది కాబట్టి విమానం మనదే అనే వాదనా ఇదే బాపతు. అసలు మన దేశంలోనే ఇంతకంటే పాత సినిమా ఉంది. 1935లో నాడియా కొరడా పట్టిన ‘హంటర్‌వాలీ’ తీసిన వాడియా సోదరుల పూర్వీకులు ఈ సూరత్ నుంచి బొంబాయి వెళ్ళిన ఓడల మేస్త్రీలే.

మరి ‘రౌడీరాణి’ గొప్పతనం ఏమిటి? తనవాళ్ళను చంపినవాళ్ళ మీద పగ తీర్చుకునే కథ కొత్తదేమీ కాదు. ఆ పని ఎవరు చేశారన్నదే కొత్త. అప్పటి సినిమాల్లో కష్టంలో ఉన్న ఆడదాన్ని కాపాడడానికి హీరో అయినా రావాలి, దేవత అయినా రావాలి. ఇక్కడ ఇద్దరి కోసమూ ఎదురుచూపు లేదు. పైగా విజయలలిత అంతవరకు ఎక్కువగా క్లబ్బు డాన్సులకూ వ్యాంపు వేషాలకూ పేరుపడిన నటి. అలాంటి ఆమె భుజాల మీద మొత్తం సినిమా పెట్టి దాస్ నెగ్గారు. మరుసటి ఏడాదే ‘రివాల్వర్ రాణి’ వచ్చింది, 1972లో దాస్ ఇదే కథను హిందీలో ‘రాణీ మేరా నామ్’గా తీశారు.

ఇక సంగీతం. సత్యం గారి గురించి మాట్లాడేవాళ్ళు పాటల దగ్గరే ఆగిపోతారు. అందుకో కారణం ఉంది. ‘షాఫ్ట్’కి ఐజాక్ హేస్, ‘సూపర్ ఫ్లై’కి కర్టిస్ మేఫీల్డ్ చేసిన సంగీతం ఎల్పీ రికార్డులుగా అమ్ముడైంది. ఆ సినిమాలు చూడనివాళ్ళు కూడా ఈనాటికీ వింటున్నారు. హేస్‌కి 1972లో ఆస్కార్ కూడా వచ్చింది. మనకు రికార్డుల మీదికి ఎక్కినవి పాటలే. మద్రాసు స్టూడియోలో వాద్యకారులంతా కలిసి కూర్చుని వాయించిన ఫైట్ల సంగీతం, ఛేజింగుల సంగీతం సినిమా ప్రింటులోనే ఉండిపోయాయి. ప్రింటు అరిగితే అవీ పోతాయి. సగం పుస్తకం చూసి లెక్క తేల్చడం ఎలాంటిదో, పాటలు మాత్రమే విని సత్యం గారిని తూచడం అలాంటిది. క్రైం సినిమాలో ఛేజింగు సంగీతం హీరోది, క్లబ్బు పాట వ్యాంపుది అని ఒక పంపకం ఉండేది. ఇందులో ఛేజింగు సంగీతం కూడా ఆడదాని కోసమే మోగుతుంది.

లోపాలు లేవనను. ఆమెను వీరవనితగా చూపిస్తూనే కెమెరా ఆమె ఒంటిని వదలదు. పామ్ గ్రియర్ సినిమాల మీదా ఇదే విమర్శ ఉంది. ‘బ్లాక్స్‌ప్లాయిటేషన్’ అన్న పేరే 1972లో నల్లజాతి హక్కుల ఉద్యమకారుల విమర్శలోంచి పుట్టింది. అయినా అక్కడ విమర్శించినవాళ్ళూ మెచ్చుకున్నవాళ్ళూ ఆ సినిమాలను చరిత్రలోకి ఎక్కించారు. మనం నవ్వి వదిలేశాం.

దాని ఫలితం చూడండి. తెలుగులో ఫైట్లు చేసే కథానాయిక అంటే 1990 నాటి ‘కర్తవ్యం’తో మొదలుపెడతారు. విజయశాంతి జాతీయ అవార్డుకు పూర్తిగా అర్హురాలే. కానీ విజయలలిత ఆమెకు స్వయానా పిన్ని. ఇరవై ఏళ్ళ ముందే ఆ పని చేసిన మనిషి ఇంట్లోనే ఉండగా చరిత్ర ఆమెను దాటేసి మొదలవుతోంది.

సినిమా దొరికితే చూడండి. పాటలొచ్చినప్పుడు కాదు, ఫైట్లొచ్చినప్పుడు చెవి పెట్టి వినండి. తర్వాత నవ్వాలనిపిస్తే నవ్వండి.