కరువు ఎవరికి వార్త?

అనంతపురంలో కరువు ఎప్పుడూ ఉన్నదే. అది వార్తయ్యేది మాత్రం అప్పుడప్పుడే. ఎప్పుడు, ఎవరి పేరుతో అన్నదే మా ప్రశ్న.

1876-78 ధాత కరువు నాటికి మన జిల్లా బళ్లారిలో భాగం, 1882లో వేరుపడింది. 1877లో టెంపుల్ దొర, కరువు పనిలో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. వైద్యాధికారి కోర్నిష్ చాలదన్నాడు. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు డిగ్బీ ఆ కరువు చరిత్రంతా రాశాడు. దొరల తగవు అచ్చుకెక్కింది. రాళ్లు మోసినోళ్లు అంకెలుగా మిగిలారు.

నూరేళ్ల తర్వాత పత్రికలు పల్లెదాకా వచ్చాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు పెట్టింది. చెనక్కాయ ఎండితే ఎకరాల లెక్కన వార్త. మరి ఎకరమే లేని కూలి పోగొట్టుకున్న పనిదినాలు? మాదిగగేరి తాళాలేసుకొని బెంగళూరు బస్సెక్కితే, 'ఏటా ఉండేదే కదా' అంటారు.

1985లో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక వాడ వార్తయింది. అంటే చంపితేనే వార్త. రోజూ చచ్చేది వార్త కాదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక దళిత విలేఖరి కోసం వెతికి, ఒక్కరూ దొరకలేదని రాశాడు. గేరి గడప తొక్కనోడికి అక్కడ వార్తేం కనబడుతుంది?

అందుకే అంబేడ్కర్ 1920లోనే మూక్‌నాయక్ పెట్టాడు. మన విద్యార్థులు తమ గేరిలో తాళం పడ్డ ఇళ్లు లెక్కబెట్టి, తేదీ వేసి రాయాలి. రేపటి చరిత్రకు అదే ఆధారం.